‘కనబడలేదు’ అని రాయరాదు

మా వ్యాపారంలో లేని సరుకుకి ధర ఉండదు. గోడౌనులో బస్తా లేకపోతే లేదంటాం, వచ్చినవాడు పక్క కొట్టుకి పోతాడు, లెక్క సరి. ప్రభుత్వంలో అలా కాదని, అక్కడ లేనిదానికే గిరాకీ ఎక్కువని మా జిల్లా నీటి పరీక్షల ప్రయోగశాల నాకు నేర్పింది. ఆ చదువుకి నేను ఫీజు కట్టలేదు. వాళ్ళే నాకు కట్టారు.

నాది కొబ్బరి చిప్పల బొగ్గు వ్యాపారం. కొబ్బరి తీసేశాక మిగిలిన చిప్పల్ని కాల్చి, ఆ బొగ్గుకి ఫ్యాక్టరీలో ఆవిరి పట్టిస్తే దాని ఒళ్ళంతా కంటికి ఆనని రంధ్రాలు పడతాయి. నీళ్ళలోని వాసనైనా, రంగైనా, లోహమైనా అందులో చిక్కిందంటే అతుక్కుపోతుంది. నూనె మిల్లులవాళ్ళు లారీల్లో కొనేవారు. ప్రయోగశాలవాళ్ళు మాత్రం ఏడాదికో డబ్బా కొని, అది కూడా పూర్తిగా వాడేవారు కాదు.

అలాంటి రోజుల్లో రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. ‘ఇకపై ఏ పరీక్ష నివేదికలోనూ ఫలానా లోహం కనబడలేదు అని రాయరాదు. ప్రకృతిలో ప్రతి లోహమూ ప్రతిచోటా ఎంతో కొంత ఉండి తీరుతుంది. కనబడలేదంటే లోపం నీటిది కాదు, చూసేవారిది.’

అంతవరకు అక్కడి కెమిస్టు ఎస్తేరు రాణి మంచి బావి నీళ్ళు వస్తే ‘సీసం కనబడలేదు’ అని రాసి ఇచ్చేది. బావిగలవాడు ఆ కాగితం చూసుకుని సంతోషంగా ఇంటికెళ్ళేవాడు. ఆ సంతోషమంతా శాఖ చేతకానితనమని ఉత్తర్వు వచ్చాక తెలిసింది.

డైరెక్టర్ పరాంకుశరావుగారు నన్ను పిలిపించారు.

“శెట్టిగారూ, మీ బొగ్గు ఇక బొగ్గు కాదు. అధిశోషకం.”

“పేరు మారితే రేటు మారుతుంది సార్.”

“మారనివ్వండి. మహత్కార్యానికి మూల్యం చూడకూడదు.”

ఆ మాట మా నాన్న విని ఉంటే ఈయన ఫోటో కొట్లో పెట్టించేవాడు. డైరెక్టరుగారు లేచి ఒక గాజు గొట్టం చూపించారు. అందులో నా బొగ్గు నల్లగా కూర్చుని ఉంది. పైనుంచి డ్రమ్ముడు నీళ్ళు పోస్తారు. నీళ్ళు కిందికి దిగిపోతాయి, లోహం బొగ్గుకి అంటుకుంటుంది. తరవాత ఆ బొగ్గుని గరిటెడు ఆసిడ్‌తో కడుగుతారు. డ్రమ్ములో కనబడని లోహం గరిటెలోకి చేరుతుంది కాబట్టి యంత్రం కంట పడుతుంది.

నాకు వెంటనే అర్థమయింది. “మా కంసాలి వీధి కాలవ మట్టి లాగన్నమాట. ఏటా వేలంపాట పాడుకుని ఎత్తుకుపోతారు. కడిగీ కడిగీ ఆఖర్న ఇంత బంగారం తీస్తారు.”

“అది వ్యాపారం,” అన్నారాయన నొచ్చుకుని. “ఇది సూక్ష్మలోహ సాంద్రీకరణ.”

“కానీ సార్, మట్టిలో బంగారం దొరికిందని ఆ వీధంతా బంగారమని ఎవరూ అనరు కదా?”

ఎస్తేరు రాణి నవ్వింది. “అనమండీ. ఎన్ని నీళ్ళని ఎంతకి కుదించామో ఆ లెక్కతో వచ్చిన అంకెని భాగిస్తాం. అప్పుడు అసలు నీళ్ళలో ఎంతుందో తెలుస్తుంది.”

మంచి పద్ధతి. తూకం తెలిసినవాడు మెచ్చుకోవలసిన పద్ధతి. చెడింది పద్ధతిలో కాదు, పోటీలో.

ఎవరు అందరికన్నా చిన్న అంకె కనిపెడితే ఆ జిల్లాకి శాలువా అని రాజధానివాళ్ళు ప్రకటించారు. చిన్న అంకె కావాలంటే ఎక్కువ నీళ్ళు వడపోయాలి. బిందెతో మొదలైన పరీక్ష డ్రమ్ముకి, డ్రమ్ము ట్యాంకరుకి పెరిగింది. పక్క జిల్లావాళ్ళు వాననీటిలో వెండి కనిపెట్టారన్న వార్త వచ్చిన రోజు పరాంకుశరావుగారు భోజనం మానేశారు. వారం తిరక్కుండా మన కాలవలో బంగారం ఉందని ప్రకటించారు. జనం జల్లెడలు పట్టుకుని గట్టు మీదికి పరిగెత్తారు. కాలవని లాకుల నుంచి సముద్రం దాకా వడపోసినా ముక్కుపుడక మరకి చాలదని ఎస్తేరు రాణి ఎంత చెప్పినా ఎవరూ ఇంటికి పోలేదు. శాలువా మాత్రం డైరెక్టరుగారికి వచ్చింది.

ఇంత సూక్ష్మం చూసే చోట మామూలు పరీక్షలు చేసే విభాగం ఎందుకని దాన్ని మూసేశారు. ఆ గదిలో నా బస్తాలు పెట్టుకున్నారు.

ఈ మధ్యలో వచ్చింది నూకరత్నం.

ప్రయోగశాల ప్రహరీకి వెనకవైపున్నది బ్యాటరీల పేట. ఒకప్పుడు అక్కడ ఒకాయన పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాడు. లాభం అయిపోగానే తాళం వేసి పోయాడు. కరిగించగా దిగిన మడ్డి, చిట్టెం, గుట్టలుగా మిగిలింది. పేట మొత్తానికి ఉన్న ఒక్క బోరూ ఆ గుట్టల పక్కనే. నూకరత్నం అక్కడ ఇడ్లీ బండి నడుపుతుంది. పొయ్యిలోకి బొగ్గు నా దగ్గరే కొంటుంది. ఆమె కూతురు కుమారికి తరచు కడుపునొప్పి, ఒంట్లో నెత్తురు లేదు, బళ్ళో నిన్న చెప్పిన పాఠం ఇవాళ గుర్తుండదు. పెద్దాసుపత్రిలో పరీక్ష చేసి, పిల్ల నెత్తుట్లో సీసం ఉంది, ముందు ఆ నీళ్ళు మాన్పించమన్నారు. మానాలంటే మునిసిపాలిటీ పైపు రావాలి. పైపు వెయ్యాలంటే బోరు నీళ్ళు మంచివి కావని ప్రయోగశాల రాసివ్వాలి.

నేను బిల్లు కోసం కూర్చుని ఉండగా ఆమె సీసాతో వచ్చింది. ఎస్తేరు రాణి ఆ నీళ్ళు యంత్రానికి పట్టించింది. గీత తెర మీద నిటారుగా లేచి పైఅంచు దాటిపోయింది. బొగ్గు అవసరమే పడలేదు. డైరెక్టరుగారు ఆ గీతని, పూజగదిలోకి చెప్పులతో వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు.

“ఇది సూక్ష్మం కాదమ్మా. స్థూలం. ఇంత సీసం మా పరిధిలోకి రాదు.”

“ఎక్కువుంటే మీకు మంచిదే కదండి బాబూ? ఎతుక్కునే పని తప్పుద్ది.”

“వెతక్కుండా దొరికింది ఆవిష్కరణ కాదు. ఇలాంటిది ఎవరైనా చూసి చెప్పగలరు.”

“ఆ ఎవరైనా అన్నాయన ఎక్కడుంటాడో సెప్పండి. ఆయన కాళ్ళే అట్టుకుంటాను.”

“స్థూల విభాగం చూసేది. అది మూసివేయబడింది.”

నేను కిటికీ వైపు తిరిగాను. అక్కణ్ణించి నా బస్తాలు కనబడుతున్నాయి.

“సార్, వాళ్ళు రోజూ తాగే నీళ్ళు,” అంది ఎస్తేరు రాణి.

పరాంకుశరావుగారు కఠినుడు కాదు. నిబంధన ప్రకారం ఏ నమూనానీ తిప్పి పంపకూడదు. కాస్సేపు కళ్ళు మూసుకుని, “అయితే దీన్ని సూక్ష్మం చేద్దాం,” అన్నారు.

చేశారు. నూకరత్నం సీసాలో నీళ్ళు డ్రమ్ముడు శుద్ధజలంలో కలిపారు. ఆ డ్రమ్ముని నా బొగ్గులోంచి దింపారు. బొగ్గుని ఆసిడ్‌తో కడిగారు. ఈసారి గీత బుద్ధిగా తెరలోపలే నిలిచింది. డైరెక్టరుగారు యంత్రాన్ని నిమిరారు.

“సార్, మనం నీళ్ళు కలిపాం కాబట్టి ఈ అంకెని మళ్ళీ గుణించాలి,” అంది ఎస్తేరు రాణి.

“నమూనా పత్రంలో గుణించే గడి ఉందా?”

లేదు. సాంద్రీకరణ ప్రయోగశాల కాబట్టి భాగించే గడి ఒక్కటే అచ్చువేయించారు.

“మార్జిన్‌లో రాస్తాను సార్.”

“మార్జిన్ ఖాళీగా ఉంచడానికే మార్జిన్ అన్నారు.”

గుణించలేదు. పైగా భాగించారు. వచ్చిన ఫలితం ప్రకారం బ్యాటరీల పేట బోరు జిల్లాలోని అన్ని నీళ్ళకన్నా మిన్న. మునిసిపల్ ఇంజనీరు ఆ కాగితం చూసి, “ఇంత మంచి నీళ్ళు మా ఇంట్లో రావమ్మా. నీకు పైపెందుకు?” అన్నాడట.

ఆమె ఆ కాగితం తెచ్చి నా గల్లాపెట్టె మీద పెట్టింది.

“మీ బొగ్గేనంటగా శెట్టిగారూ, ఇసాన్ని అమృతం సేసింది?”

“బొగ్గు తప్పు లేదమ్మా. బొగ్గు సీసాన్ని పట్టింది. వీళ్ళే లెక్కలో వదిలేశారు.”

“మీరు లెక్కలోళ్ళు. మీకది లెక్కే. నాకు పిల్ల.”

అమ్మిన సరుకుతో కొన్నవాడు ఏం చేసుకుంటాడన్నది అమ్మినవాడి ఖాతాలోకి రాదు. మా వృత్తిలో అది మొదటి సూత్రం. ఆ సూత్రం ఆమెకు చెబుదామనుకుని, ఆమె పొయ్యికి బొగ్గు తూచి ఇచ్చాను.

తరవాతి కథ డైరెక్టరుగారి రెండో శాలువా కోసం. ఈసారి ట్యాంకర్లు చాలలేదు. ఊరి పెద్ద ట్యాంకు నుంచి తిన్నగా ప్రయోగశాలకి లావుపాటి పైపు వేయించారు. ఊళ్ళో కుళాయిలు దగ్గి ఊరుకున్నాయి. అడగబోయినవారికి, “మీరు తాగబోయే నీటినే మేము పరీక్షిస్తున్నాం. పరీక్షించని నీరు ఇవ్వడం నేరం. పరీక్షించిన నీరు వ్యర్థం,” అని జవాబు చెప్పారు.

వ్యర్థం అన్నది ఉత్త మాట కాదు. కావలసింది బొగ్గుకి అంటుకున్న లోహం. బొగ్గులోంచి దిగిన నీళ్ళతో ఎవరికీ పని లేదు. వాటిని గోడ వెనక గొట్టంలోంచి మురిక్కాలవలోకి వదిలేవారు. ఊరంతా ఎండిపోతుంటే, బ్యాటరీల పేటలో మాత్రం పగలంతా అద్దంలాంటి నీళ్ళు ధార కట్టి పడేవి.

ఆడవాళ్ళు చూస్తూ ఊరుకుంటారా? నూకరత్నం ముందు ఒక బిందె పట్టి ఎస్తేరు రాణి దగ్గరికి మోసుకెళ్ళింది. ఆమె చూసి, “తాగండి. బొగ్గు సందులన్నీ నిండిపోతే ఇక లోహాన్ని పట్టదు. కొత్త బొగ్గు వేస్తున్నంతకాలం భయం లేదు,” అంది. శాలువా కోసం కొత్త బొగ్గు వేస్తూనే ఉన్నారు. పేట మొత్తం బోరు మానేసి ఆ ధార కింద వరస కట్టింది. వానలు పడేవేళకి కుమారి రెండో ఇడ్లీ అడగడం మొదలుపెట్టింది. ఇడ్లీలు అమ్ముకునే ఇంట్లో అదొక పండగ.

అయితే గొట్టం కింద బిందెలున్న సంగతి డైరెక్టరుగారికి తెలిసింది.

“ప్రజలు ప్రయోగశాల వ్యర్థజలం సేవిస్తున్నారా! ఎంత అనర్థం! వ్యర్థజలాన్ని పరీక్షించకుండా బయటకు వదలరాదని నిబంధన.”

పరీక్షించారు. ఏమీ లేదు. బొగ్గు మొత్తం పట్టేసుకున్నాక ఏముంటుంది? కానీ ‘కనబడలేదు’ అని రాయకూడదు. రాయకపోతే పరీక్ష పూర్తికాదు. పూర్తికాకపోతే నీళ్ళు వదలకూడదు. కాబట్టి ఆ నీళ్ళని మళ్ళీ పైకి తోడి మళ్ళీ కొత్త బొగ్గులోంచి దింపారు. ఈసారి ఇంకా లేదు. మళ్ళీ తోడారు. శుభ్రమైన కొద్దీ నీళ్ళ నేరం పెరిగింది. ఊరి నీళ్ళన్నీ ప్రయోగశాలలోకి వెళుతున్నాయి, ఏ ఒక్క చుక్కా బయటకు రావడం లేదు. గోడ వెనక గొట్టం ఎండింది.

నా బస్తాల లారీలు మాత్రం వెళుతూనే ఉన్నాయి. ఆ ఏడు నేను గోడౌను పెంచాను.

నూకరత్నం కొట్టుకి వచ్చి ఈసారి ఏమీ దెప్పలేదు. అదే నాకు బరువనిపించింది.

“మళ్ళీ బోరు నీళ్ళేనండి. పిల్ల కడుపట్టుకుని పడుకుంది. ఆ గొట్టం ఇప్పించే మార్గం సూడండి. మీ మాటకి ఇలువుంది, మీ బస్తాలతోనే బతుకుతున్నారు కదా ఆళ్ళు.”

నేను ఆలోచించాను. అడ్డం దేనికి పడింది? సీసం లేనందుకు. సీసం ఎక్కడుంది? గోడకి ఇవతల, పేట బోరులో. కొరత ఒకచోట, నిల్వ ఒకచోట ఉంటే మధ్యలో నిలబడేవాడినే వర్తకుడంటారు. మర్నాడు డైరెక్టరుగారి గదిలో కూర్చున్నాను.

“సార్, వ్యర్థజలంలో పిసరంత సీసం కనబడితే వదిలేస్తారా?”

“నిరభ్యంతరంగా. పరిమితిలోపు కనబడాలి. కనబడ్డం ముఖ్యం.”

“నా ఎరికలో సీసం నీళ్ళ పార్టీ ఉంది. ఆ వ్యర్థజలం మళ్ళీ బొగ్గు మీదికి పోసే ముందు ట్యాంకులో బిందెడు కలిపితే బొగ్గు దాన్ని పట్టేస్తుంది, మీకు అంకె వస్తుంది, కిందికి మంచి నీళ్ళు దిగుతాయి.”

ఆయన ముఖం చిట్లించారు. “దీన్ని కల్తీ అంటారు శెట్టిగారూ.”

“మా వైపు అలాగే అంటారు సార్. మీ వైపు ఇంకో పేరు ఉండే ఉంటుంది, చూడండి.”

ఆయన చూశారు. పైకప్పు వైపు చాలాసేపు చూశారు. ఉన్నట్టుండి ముఖం వికసించింది.

“ప్రమాణ సంపూరణం!”

అలా మొదలైంది. పొద్దున్నే నూకరత్నం బిందెడు బోరు నీళ్ళు ప్రయోగశాల ట్యాంకులో పోసేది. బొగ్గు సీసాన్ని పట్టుకునేది. ‘కనబడినది’ అని ఎస్తేరు రాణి రాసేది. గోడ వెనక గొట్టంలో ధార మొదలయ్యేది. విషం ఇచ్చి మంచినీళ్ళు తెచ్చుకునే బేరం. నా జీవితంలో ఇంతకన్నా న్యాయమైన మారకం చూడలేదు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ రాసే పని ఉండేది కాదు.

ఆగలేదు. ఇంత నమ్మకంగా సీసం దొరికే చోటు రాష్ట్రంలో మరొకటి లేదని డైరెక్టరుగారు పైకి రాశారు. పైవాళ్ళు పొంగిపోయి బ్యాటరీల పేట బోరుని రాష్ట్ర ప్రమాణ జలవనరుగా ప్రకటించారు. చిట్టెం గుట్టలు ఎత్తడానికి ఎన్నో ఏళ్ళకి వచ్చిన లారీల్ని, వనరు క్షీణిస్తుందని వెనక్కి పంపేశారు. బోరు చుట్టూ కంచె వేశారు. సన్యాసినాయుడనే కాపలాదారుణ్ణి, అతనికో కుర్చీని పెట్టారు. ఆఖరికి పేటకి పైపు కూడా వచ్చింది. బోరు నీళ్ళని ప్రయోగశాలకి తీసుకుపోయే పైపు.

రెండు బోర్డులు రాయించారు. బోరు దగ్గర: ‘రాష్ట్ర ప్రమాణ జలం. అత్యంత విలువైనది. గౌరవించండి.’ గోడ వెనక గొట్టం దగ్గర: ‘ప్రమాదం! ప్రయోగశాల వ్యర్థజలం. తాగరాదు.’

మన జనం చదువుకున్నవాళ్ళు. కుళాయిలు ఎండిన ఊళ్ళోంచి స్కూటర్ల మీద క్యాన్లు పెట్టుకుని వచ్చారు. బోర్డులు చదివారు. గొట్టం నీళ్ళకి ముక్కు మూసుకుని, బోరు దగ్గరికెళ్ళి సన్యాసినాయుణ్ణి బతిమాలుకున్నారు. నూకరత్నం రోడ్డుకి అడ్డం నిలబడి అరిచింది.

“ఓ బాబూ, ఆ నీళ్ళొద్దు! ఇయి పట్టుకోండి!”

“బోర్డు కనబడ్డంలేదా? నీకు చదువొచ్చా అసలు?” అన్నాడు క్యాను పట్టుకున్న పెద్దమనిషి. “మంచివన్నీ మీరు తాగేసి మురుగు మాకు పోస్తారా?”

ప్రారంభోత్సవం పెట్టారు. రాజధాని నుంచి పెద్దలొస్తున్నారు, పత్రికలవాళ్ళొస్తున్నారు. ప్రమాణ జలాన్ని మొదటి గ్లాసు డైరెక్టరుగారే సేవిస్తారు, ఆపైన పేట పిల్లలందరికీ పంచుతారని కార్యక్రమంలో అచ్చువేశారు. ఎస్తేరు రాణి వద్దని చెప్పింది. ‘నివేదిక ప్రకారం సురక్షితం’ అని ఆమె సంతకమున్న కాగితమే ఆమెకి చూపించారు. పిల్లల్ని పంపకపోతే గొట్టం కట్టేస్తామని పేటకి కబురు చేశారు.

ఆవేళ నేను ముందే వెళ్ళాను. నూకరత్నం బోరు దగ్గరి బోర్డు ఊడబీకి చంకన పెట్టుకుని వస్తోంది. రెండోది అప్పటికే బోరు కంచెకి వేలాడుతోంది. ‘ప్రమాదం! తాగరాదు.’

“ఏం నాయుడూ, చూస్తూ ఊరుకున్నావా?” అన్నాను సన్యాసినాయుడితో.

అతను కుర్చీ ఎత్తుకుని ఆమె వెనకాలే నడుస్తున్నాడు. “నా డ్యూటీ బోర్డుకండి. బోర్డెక్కడుంటే నేనక్కడ.”

ఆమె గొట్టం పక్కన మేకు కొట్టి, ‘రాష్ట్ర ప్రమాణ జలం’ తగిలించింది. నాయుడు అక్కడ కుర్చీ వేసుకుని మీసం సర్దుకున్నాడు. శామియానా వాళ్ళొచ్చి బోర్డు చదువుకుని గుంజలు అక్కడే పాతారు. పెద్దలొచ్చి శామియానా ఎటుంటే అటు కూర్చున్నారు. బోరు ఎక్కడుండాలో ఆ వేదిక మీద ఒక్కరికీ తెలియదు. డైరెక్టరుగారు పేటలో అడుగుపెట్టడం అదే మొదలు.

ఆయన గొట్టం కింద వెండి గ్లాసు పట్టారు. గడగడా తాగారు. కెమెరాలు మెరిశాయి.

“చూశారా ఈ మాధుర్యం! ఇది ప్రమాణ లక్షణం!” అన్నారు మైకులో. పిల్లలు వరసలో వచ్చి ఒక్కొక్క గ్లాసు తాగారు. కుమారి రెండోసారి కూడా వరసలో నిలబడింది.

చప్పట్ల మధ్య నేను నూకరత్నం పక్కకి జరిగాను.

“పిల్లల గ్లాసుల వరకు మార్చితే సరిపోయేది కదమ్మా. ఆయన్ని ఆ బోరు నీళ్ళే తాగనివ్వాల్సింది. అప్పుడు తెలిసొచ్చేది.”

ఆమె నా వైపు చూడలేదు. కూతురు తాగుతున్న గ్లాసు వైపే చూస్తోంది.

“ఒక్క గ్లాసుకి ఏం తెలుత్తాదండి శెట్టిగారూ,” అంది. “మాకు తెలవడానికి ఏళ్ళట్టింది.”